బండి కింద నూనె మరక

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి పంపాలని తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగారు. పోటీ పరీక్షల గురించి రాద్దామా అని ముందు అనుకున్నాం. కానీ దాని మీద ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. పైగా మా నలుగురిలో ముగ్గురం ఇంకా ఆ పరీక్షలు రాస్తూనే ఉన్నాం కాబట్టి సలహా చెప్పే అర్హత మాకు లేదు. అందుకని ఈ మధ్య మేము చేతులు నల్లగా చేసుకుని నిజంగా నేర్చుకున్న ఒక పని గురించి రాస్తున్నాం. మోటారు సైకిల్ ఇంజను నుంచి నూనె కారుతుంటే అది ఎక్కడి నుంచి వస్తోందో ఇంటి దగ్గరే కనిపెట్టడం, చేతనైనంత వరకు బాగు చేసుకోవడం. ఇందులో భౌతికశాస్త్రం చాలానే ఉంది. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు పుస్తకం పక్కన పెట్టుకుని చదువుకోవచ్చు.

మేము నలుగురం మన హాస్టల్‌లో చదివి, ఇప్పుడు బల్కంపేటలో ఒకే గదిలో ఉంటున్నాం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు నడిచి వెళ్లొచ్చు, అద్దె మాత్రం అమీర్‌పేట కంటే కాస్త తక్కువ. అందుకే మనలాంటి వాళ్లు ఇక్కడ ఎక్కువ. మాలో చిన్నవాడు పగలు క్లాసులకు పోయి, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా భోజనం పార్సిళ్లు ఇళ్లకు చేరుస్తాడు. వాడి కోసమే నలుగురం డబ్బులు వేసుకుని 2011 మోడల్ నూరు సీసీ బండి ఒకటి పాతది కొన్నాం. రాత్రికి నాలుగైదు వందలు మిగిలేవి. అందులోనే వాడి కోచింగ్ ఫీజు, అందులోనే ఊళ్లో అమ్మ మందుల ఖర్చు. బండి ఒక్క రోజు ఆగితే ఆ లెక్క తప్పుతుంది.

2024 వేసవి చివర్లో బండి నిలిపే చోట గచ్చు మీద నల్లటి మరక కనబడింది. అరచేతి అంత ఉంటుంది. పాత బండి కదా, కారుతుందిలే అనుకున్నాం. వారం తిరిగేసరికి మరక పళ్లెమంత అయింది. ఇంటి ఓనరమ్మ "బాబూ, ఆ మరక మీరే కడగాలె" అని రెండుసార్లు చెప్పింది. మేము సర్ఫ్ వేసి గచ్చు కడిగాం గాని బండిని చూడలేదు. అది మా మొదటి తెలివితక్కువతనం. రెండోది ఇంకా పెద్దది. దాని గురించి తర్వాత చెప్తాం.

జూన్‌లో వాన పడుతున్న ఒక రాత్రి ఎస్.ఆర్. నగర్ మలుపు దగ్గర వాడి బండి వెనుక చక్రం జారింది. మోకాలు గీరుకుంది, పార్సిల్ రోడ్డు పాలైంది. వాన వల్ల జారిందనుకున్నాం. తెల్లవారి చూస్తే వెనుక టైరు ఎడమ అంచు నూనెతో నిగనిగలాడుతోంది. అప్పుడు భయం వేసింది. నూనె కారడం అంటే ఇంజను ఆరోగ్యం ఒక్కటే కాదు, ప్రాణానికీ సంబంధించిన సంగతే. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి: వెనుక టైరుకు గానీ బ్రేకు దగ్గర గానీ నూనె తగిలితే ఆ బండిని అక్కడే ఆపండి. టైరును సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, కారడం ఆగిన తర్వాతే నడపండి.

దగ్గర్లో ఒక మెకానిక్ షాపుకు తోసుకుపోయాం. ఆయన వంగి ఇంజను కింద చెయ్యి పెట్టి చూసి, "ఇంజన్ దించాలె భాయ్, బోర్ పోయింది. ఆరువేల అయిదువందలు అయితది, నాలుగు దినాలు పడతది" అన్నాడు. ఆయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ బండిని ఎవరు చూసినా అలాగే అనిపించేది. ఇంజను అడుగు మొత్తం నల్లటి బురదతో ముద్దగా ఉంది. కానీ ఆరువేల అయిదువందలు మా దగ్గర లేవు. నాలుగు రోజుల సంపాదన పోవడం వేరే లెక్క. మాలో ఒకడు ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదివి, ఆ తర్వాత డిగ్రీలో చేరినవాడు. వాడు గది వరకు ఏమీ మాట్లాడలేదు. మెట్లు ఎక్కుతూ, "బోర్ పోతే పొగ రావాలె గదా? మన బండికి పొగ లేదు" అన్నాడు.

మా అసలు పాఠం అక్కడ మొదలైంది.

ఇంజను నూనె పనేమిటో ముందు చూద్దాం. అంతర్దహన యంత్రంలో పిస్టన్, గొట్టం లాంటి సిలిండర్‌లో నిమిషానికి వేల సార్లు పైకి కిందికి తిరుగుతుంది. లోహం మీద లోహం రాసుకుంటే ఘర్షణ వల్ల వేడి పుట్టి రెండూ అతుక్కుపోతాయి. మధ్యలో పలుచని నూనె పొర ఉంటే అవి ఒకదాన్నొకటి తాకవు. ఇది కాక వేడిని మోసుకుపోవడం, మసిని కడిగి తనలో ఉంచుకోవడం, పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య సందును మూయడం కూడా నూనె పనులే. మన నూరు సీసీ బండ్లలో గేర్లూ క్లచ్చూ కూడా అదే నూనెలో మునిగి ఉంటాయి. ఇంతా చేసి ఉండే నూనె ఒక లీటరులోపే. కారులో మూడు నాలుగు లీటర్లు ఉంటుంది కాబట్టి కొంచెం కారినా తట్టుకుంటుంది. మోటారు సైకిల్‌కు ఆ వెసులుబాటు లేదు.

మన నాన్నల కాలపు టూ స్ట్రోక్ స్కూటర్లకు ఈ బాధ ఇంత లేదు. వాటిలో నూనెను పెట్రోలులోనే కలిపి పోసేవాళ్లు. అది మండి పొగగా పోయేది. గేరు పెట్టెలో మాత్రం విడిగా నూనె ఉండేది. పెట్రోలు బంకులో సీసాతో నూనె కొలిచి పోయడం మాలో పెద్దవాడికి కొద్దిగా గుర్తుంది.

నూనె డబ్బా మీద 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అని ఉంటుంది. ఇది స్నిగ్ధతకు సంబంధించిన గుర్తు. డబ్ల్యూ అంటే చలికాలం. 10డబ్ల్యూ-30 నూనె చలిలో 10 నంబరు నూనె లాగా సులువుగా పారుతుంది, 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నంబరు నూనెకు ఉండాల్సినంత చిక్కదనం నిలుపుకుంటుంది. వేడెక్కిన కొద్దీ ద్రవాల స్నిగ్ధత తగ్గుతుందని మనం చదివాం. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కారని సందు నుంచి కూడా పది కిలోమీటర్లు తిరిగాక కారవచ్చు. షాపు ముందు చల్లటి బండిని చూసి "ఎక్కడా కారడం లేదే" అనుకుంటే అందుకే మోసపోతాం. బండికి జాసో ఎంఏ అని రాసి ఉన్న నూనే వాడాలి. కారు నూనెల్లో చాలావాటికి ఘర్షణను మరీ తగ్గించే పదార్థాలు కలుపుతారు. మన బండిలో క్లచ్ పలకలు నూనెలోనే ఉంటాయి కాబట్టి అవి జారిపోతాయి.

సరే, మా రెండో తెలివితక్కువతనం. ఇంజను అడుగున నూనె తీసే బోల్టు ఉంటుంది, డ్రెయిన్ బోల్టు. నూనె చుక్క దాని కొస నుంచే వేలాడుతోంది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాం. ఐటీఐ వాడు వద్దంటున్నా వినకుండా 17 నంబరు పానా తెచ్చి, ఉన్న నూనె తీసేసి, బోల్టుకు కొత్త వాసరు వేసి, కొత్త నూనె పోశాం. తెల్లవారి అదే బోల్టు నుంచి అదే చుక్క. నూనె డబ్బులు మూడు వందల తొంభై పోయాయి. ఆలోచిస్తే సిగ్గేసింది. ఆ బోల్టు ఇంజను మొత్తంలో అన్నిటికంటే కింద ఉండేది. పైన ఎక్కడ కారినా భూమ్యాకర్షణ వల్ల జారి జారి చివరకు అక్కడికే చేరుతుంది. చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు.

ఇంకో రెండు మోసాలున్నాయి. బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి నూనెను వెనక్కి తోస్తుంది. కాబట్టి కారే చోటు ఎప్పుడూ తడిగా కనబడే చోటుకు పైనో ముందో ఉంటుంది. మరొకటి, పక్క స్టాండు వేస్తే బండి ఎడమకు వాలుతుంది. కుడివైపు కారిన నూనె కూడా అడుగున పాకి ఎడమవైపు పడుతుంది. అందుకని చూసేటప్పుడు నడుమ స్టాండు వేసి, సమంగా ఉన్న నేల మీద నిలబెట్టాలి.

పరీక్షకు మాకు ఒక పూర్తి రోజు కావాలి. అది ఎల్లమ్మ తల్లి దయవల్ల దొరికింది. ఆషాఢ మాసంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం మంగళవారం నాడు జరుగుతుంది. అమ్మవారు నేల మట్టానికి కింద బావిలో కొలువై ఉన్న గుడి ఇది. ఆ రోజు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. గుడి చుట్టూ రోడ్లలో బండ్లు తిరగనివ్వరు. మా సందులోంచి సైకిల్ కూడా బయటికి పోదు. ఎలాగూ వాడికి ఆ రోజు పని లేదు. పొద్దున్నే దర్శనం లైనులో ఇద్దరం నిలబడ్డాం, ఇద్దరం బండి దగ్గర కూర్చున్నాం.

ముందు కారేది ఇంజను నూనెనా కాదా అని తేల్చుకోవాలి. తెల్ల కాగితం మీద చుక్క పట్టి చూశాం. పెట్రోలు అయితే వాసన వస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది. గొలుసుకు పూసే నూనె నల్లగా బంకగా సాగుతుంది. ముందు ఫోర్కు నూనె అయితే ఇంజను దగ్గర కాదు, ముందు చక్రం పైన గొట్టాల మీద కనబడుతుంది. మాది గోధుమ రంగు తిరిగిన నలుపు, వేళ్ల మధ్య జారుతోంది. ఇంజను నూనే. ఒకవేళ నూనె పాలు ఎక్కువైన చాయ్ లాగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయని అర్థం. మా దగ్గర రైల్వే బ్రిడ్జి కింద వాన పడితే నీళ్లు నిలుస్తాయి. అందులోంచి బండి తోలిన వాళ్లు తెల్లవారి కొలపుల్ల తీసి ఈ రంగు చూసుకోవడం మంచిది. ఆ నూనె వెంటనే మార్చాలి.

తర్వాత మట్టం. ఇంజనును రెండు మూడు నిమిషాలు తిప్పి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగాలి. కొలపుల్ల తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. మా బండి రకానికి ఆ పుల్లను మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలని పుస్తకంలో ఉంది. మేము ఇన్నాళ్లూ బిగించి చూస్తున్నాం. అలా చూస్తే పుల్ల లోతుకు పోయి, ఉన్నదానికంటే ఎక్కువ నూనె ఉన్నట్టు చూపిస్తుంది. ఎక్కువ నూనె పోసినా తప్పే. లోపల ఒత్తిడి పెరిగి గాలి గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి నూనె వస్తుంది. అది చూసి కారుతోందని హడావిడి పడేవాళ్లూ ఉన్నారు.

తమ్ముళ్లకు ఒక లెక్క. నీళ్లయితే మిల్లీలీటరుకు సుమారు ఇరవై చుక్కలు అంటారు. నూనె చుక్క ఇంకా చిన్నది. రాత్రి పేపరు పరిచి చుక్కలు లెక్కపెడితే ముప్పై దాటలేదు. అంటే ఒకటిన్నర మిల్లీలీటరు కూడా లేదు. ఈ లెక్కన నెలకు 45 మిల్లీలీటర్లు మించకూడదు. కానీ కొలపుల్ల మీద పై గీత నుంచి కింది గీతకు నూనె తొమ్మిది రోజుల్లోనే దిగింది. తేడా ఎక్కడికి పోయింది? పొగగా పోలేదు, పొగ లేదు కదా. అంటే నిలబడ్డప్పుడు కాదు, నడుస్తున్నప్పుడే ఎక్కువ కారుతోంది. ఏదో తిరిగే భాగం దగ్గరే కారుతోందని ఐటీఐ వాడు అప్పుడే అనుమానించాడు.

పొగ సంగతి ఒక మాట. నీలిరంగు పొగ వస్తే నూనె మండుతోందని గుర్తు. పొద్దున స్టార్టు చేయగానే కాసేపు వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు. ఇవి ఇంటి దగ్గర చేసే పనులు కావు. అలాంటి పొగ ఉంటే షాపులో చెప్పిన మాటే నిజం అనుకోవాలి.

ఇక కడగడం. మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, అందరికీ విసుగు పుట్టించేదీ ఇదే. పక్కింట్లో ట్రాలీ ఆటో నడిపే అన్న దగ్గర అర లీటరు డీజిల్ తీసుకున్నాం. పాత టూత్ బ్రష్షులు, పాత బనియన్లు తెచ్చుకున్నాం. ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాతే మొదలు పెట్టాలి. పెట్రోలుతో కడగవద్దు. ఆవిరి అయి అంటుకుంటుంది. ఆ రోజు సందులో ప్రతి గుమ్మం ముందూ అగరొత్తులు, దీపాలు వెలుగుతున్నాయి. మేము డీజిల్ వాడుతూ కూడా బండిని దూరంగా గోడ చివరకు జరిపాం. మట్టి, నూనె కలిసి గట్టిపడిన పెచ్చులు చెక్క పుల్లతో గీకాం. ఎడమవైపు గొలుసు ముందు పళ్లచక్రం మీద మూత ఉంటుంది, 8 నంబరు టీ పానాతో రెండు బోల్టులు విప్పితే వస్తుంది. దాని వెనుక దోసెడు బురద ఉంది. కడిగాక సబ్బు నీళ్లు, తర్వాత పొడి బట్ట. రెండు గంటలు పట్టింది. ఇంజను రంగు వెండి అని మాకు అప్పుడే తెలిసింది.

పూర్తిగా ఆరాక మొహానికి రాసుకునే పౌడరు చల్లాం. జోక్ అనుకోకండి, పెద్ద షాపుల్లో కూడా ఈ పద్ధతి ఉంది. పొడి లోహం మీద పౌడరు తెల్లగా నిలుస్తుంది. సన్నటి సందులోంచి నూనె ఊరితే పౌడరు దాన్ని పీల్చుకుని, సుద్దముక్క సిరాను పీల్చినట్టు, నల్లటి గీతగా మారుతుంది. కేశనాళికీయత అంటే ఏమిటో ఇక్కడ కళ్లారా చూడవచ్చు. హెడ్డు మీద, ట్యాపెట్ మూతల చుట్టూ, క్లచ్ మూత అంచు వెంట, కిక్ రాడ్ దగ్గర, గేరు రాడ్ దగ్గర, పళ్లచక్రం వెనుక, అన్నిచోట్లా చల్లాం. తిరిగే గొలుసు దగ్గర చెయ్యి పెట్టకూడదు కాబట్టి న్యూట్రల్‌లో ఉంచి, ఆరుబయట పది నిమిషాలు ఇంజను నడిపాం. గదిలో, మూసిన షెడ్డులో నడపవద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

ఏమీ కనబడలేదు. టార్చి లైటుతో అంగుళం అంగుళం చూశాం. అంతా తెల్లగానే ఉంది. దర్శనానికి పోయినవాళ్లు కుంకుమ బొట్లతో వచ్చి, మొహానికి కూడా రాసుకోలేదు కదరా ఇంత పౌడరు అని నవ్వారు. న్యూట్రల్‌లో గేరు పెట్టె బయటి ఇరుసు సరిగా తిరగదు కదా, గొలుసు కదలాలి అంటే బండి నడవాలి. జనం తగ్గేదాకా ఆగి, రాత్రి తొమ్మిదిన్నరకు ఎస్.ఆర్. నగర్ మీదుగా అమీర్‌పేట మెట్రో స్టేషన్ దాకా నెమ్మదిగా పోయి వచ్చాం. వచ్చి చూస్తే హెడ్డు తెలుపే, క్లచ్ మూత తెలుపే. గొలుసు ముందు పళ్లచక్రం వెనుక, ఇరుసు కింది నుంచి ఒక్క నల్లటి గీత మీసంలా దిగింది. అది అడుగుకు పోయి, అక్కడి నుంచి డ్రెయిన్ బోల్టు వైపు పాకింది. కొంత గొలుసు మీద పడి, గొలుసు దాన్ని వెనుక టైరు మీదికి విసిరింది. ఎస్.ఆర్. నగర్ మలుపు, గచ్చు మీద మరక, బోల్టు చుక్క అన్నిటికీ మూలం ఆ మీసం.

అక్కడ ఉండేది ఆయిల్ సీల్. తిరిగే ఇరుసు ఇంజను లోపలి నుంచి బయటికి రావాలి, నూనె మాత్రం రాకూడదు. అందుకు రబ్బరు ఉంగరం ఒకటి పెడతారు. దాని లోపలి అంచు పెదవిలాగా పలుచగా ఉండి, చుట్టూ సన్నటి స్ప్రింగు బిగింపుతో ఇరుసును పట్టుకుంటుంది. తిరగని చోట్ల, అంటే మూతలకూ టోపీలకూ, వాడేది మామూలు గుండ్రటి ఓ రింగు. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ అనే ఆయన దీనికి 1939లో అక్కడ పేటెంట్ పొందాడు. రెండు రూపాయల వస్తువులా కనిపిస్తుంది గాని 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలి ఏడుగురు చనిపోవడానికి కారణం ఇలాంటి రింగే. ఆ ఉదయం చలికి రబ్బరు బిరుసెక్కి, సందును వెంటనే మూయలేకపోయింది. విచారణ సంఘంలో ఉన్న రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను చల్లటి ఐస్ నీళ్లలో ముంచి, అందరి ముందూ చూపించాడు. (మన కల్పనా చావ్లా ఉన్న నౌక కొలంబియా. అది 2003లో జరిగింది, కారణం వేరు.) మన దగ్గర చలి కాదు, వేడి. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, పెదవి పట్టు పోతుంది.

అయితే మా సీలు ముసలితనం వల్ల పోలేదు. మర్నాడు పొద్దున గేరు రాడ్డు, మూత విప్పి, వెనుక చక్రం ఇరుసు వదులు చేసి, గొలుసు సడలించి, 10 నంబరు బోల్టులు రెండు విప్పి పళ్లచక్రం లాగాం. ఇరుసు చుట్టూ దారం. పదీ ఇరవై చుట్లు, నూనెలో నాని నల్లటి తాడులా బిగుసుకుపోయి, సీలు పెదవి కిందికి దూరి కోసేసింది. ఎక్కడిదా అని విప్పుతుంటే చివర్లో ఎండిన బంతిపువ్వు తొడిమ దొరికింది. పోయిన దసరాకు బండికి పూజ చేసి మేమే కట్టిన దండ! ఎండిపోయాక పీకేశాం గాని తెగిన దారం గొలుసులోకి పోయిన సంగతి చూసుకోలేదు. పూజ చేయవద్దని అనడం లేదు. దండ హ్యాండిల్‌కు కట్టండి, మర్నాడు దారంతో సహా తీయండి.

పాత సీలును మొండి పేచకస్‌తో అంచు పట్టి నెమ్మదిగా ఎత్తాం. ఇరుసు మీద గీత పడితే కొత్త సీలు కూడా కారుతుంది, సీలు కూర్చునే గుంట మీద గీత పడినా అంతే. అందుకే పేచకస్ కొసకు బట్ట చుట్టాం. కింద డబ్బా పెట్టాలి, కొంత నూనె కారుతుంది. సీలు మీద మూడు అంకెలు అచ్చు పోసి ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. పాతదాన్ని జేబులో వేసుకుని బస్సులో రాణిగంజ్ పోయి, అంకెలు కలిపి చూసి కొత్తది తెచ్చాం. నలభై అయిదు రూపాయలు.

ఎక్కించేటప్పుడు తొందర పడితే కొత్తది కూడా పోతుంది. స్ప్రింగు కనబడే వైపు లోపలికి, నూనె వైపు ఉండాలి. తిరగేసి పెడితే రోజు కూడా ఆగదు. పెదవికి కొంచెం నూనె రాయాలి. ఇరుసు చివర పళ్లు పదునుగా ఉంటాయి కాబట్టి దాని మీద పలుచని పాలకవరు ముక్క చుట్టి, దాని మీదుగా సీలు జరిపి, తర్వాత కవరు లాగేయాలి. సీలు బయటి అంచుకు సరిపోయే పైపు ముక్క ఆనించి చుట్టూ సమంగా, చిన్నగా తట్టాలి. సుత్తితో నేరుగా ఒక వైపు కొడితే వంకర పోతుంది. మా దగ్గర పైపు లేదు. సనత్‌నగర్ దారిలో ఉన్న ఒక ముసలి మెకానిక్ చాచా తన దగ్గరున్న పాత సాకెట్ ఒకటి ఇచ్చాడు. డబ్బులు వద్దన్నాడు, తీసిన నల్ల నూనె మాత్రం తెచ్చి తన డ్రమ్ములో పోయమన్నాడు. పాత నూనె కొనుక్కుపోయేవాళ్లు వస్తారట. ఇది మంచి పద్ధతి. మన కాలువల్లో పోస్తే నాలాల గుండా చివరకు హుస్సేన్ సాగర్‌కే చేరుతుంది.

మళ్లీ బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. గొలుసు లింకు విప్పి ఉంటే దాని క్లిప్పు మూసిన కొస గొలుసు పోయే దిశలో ఉండాలి. రెండోది, అల్యూమినియం మరల్లోకి పోయే చిన్న బోల్టులను బలమంతా పెట్టి తిప్పకూడదు. అలాంటి 6 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు ఒక కిలోగ్రాం-మీటరు చాలు. పది సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బలం అన్నమాట. బల భ్రామకం అంటే బలం, దూరాల లబ్ధం అని చదివింది ఇదే. పానా పొడుగు పెరిగితే అదే చేతి బలానికి భ్రామకం పెరుగుతుంది. అందుకే పానాకు పైపు తొడిగి బిగించేవాళ్లు చూడీలు పోగొడతారు. చూడీ పోతే నలభై రూపాయల పని లేత్ షాపు పని అవుతుంది.

మిగతా చోట్ల సంగతి క్లుప్తంగా. ట్యాపెట్ టోపీ దగ్గర తడి ఉంటే ఓ రింగు మార్చడమే, పది నిమిషాల పని. డ్రెయిన్ బోల్టు నిజంగా కారితే వాసరు. కిక్ రాడ్డు, గేరు రాడ్డు సీళ్లు ఇలాగే మార్చుకోవచ్చు, కొంచెం ఓపిక కావాలి. క్లచ్ మూత ప్యాకింగ్ మార్చాలంటే పాత కాగితాన్ని బ్లేడుతో గీకవద్దు, అల్యూమినియం మీద గాటు పడుతుంది. చెక్కతో గీకి, బోల్టులు ఎదురెదురుగా కొద్ది కొద్దిగా బిగించాలి. సందు మీద బయటి నుంచి ఎం-సీల్ పూయడం మేమూ చేశాం, నూనె ఉన్న చోట అది అతకదు. హెడ్డు ప్యాకింగ్, ఇంజను రెండు సగాలు కలిసే చోటు కారితే మాత్రం షాపుకే. మేము కూడా దాని జోలికి పోము.

మొత్తం ఖర్చు సీలు నలభై అయిదు, బస్సు టికెట్లు, డీజిల్‌కు ఆ అన్నకు చాయ్. మా తెలివితక్కువతనానికి పోసిన మూడు వందల తొంభై వేరే లెక్క. గురువారం సాయంత్రం ఆరింటికి వాడు మళ్లీ బండి తీశాడు. మోకాలు గాయం ఇంకా మానలేదు, వద్దన్నా వినలేదు. ఫీజు కట్టే గడువు శనివారం.

అప్పటి నుంచి మాకో అలవాటు పడింది. రోజూ పొద్దున బండి కింద పాత పేపరు తీసి చూస్తాం. మొన్న ఒక చుక్క కనబడితే నలుగురం చుట్టూ కూర్చున్నాం. వేళ్ల మధ్య రుద్ది చూస్తే బంకగా సాగింది. ముందురోజు గొలుసుకు పూసిన నూనె.